8 రోజుల రామేశ్వరం యాత్ర, ఇంట్లో షో కోటు షిట్జు: ఏం చెయ్యమంటారు?

పట్టు_అమ్మ (కర్నూలు)
శనివారం, రాత్రి 10:42

నమస్తే అందరికీ. ఏడాదిగా మీరు రాసేవన్నీ చదువుతానే ఉన్నా, రాయడం మాత్రం ఇదే మొదలు. మా షిట్జు కుక్క పేరు పట్టు, ఆడపిల్ల, 19 నెలలు నిండినాయి. కోటు, అంటే ఒంటి మీది జుట్టు, నేల తాకుతోంది. పది నెలలప్పుడు కోటు మారే వయసులో పొద్దున విప్పిన చిక్కు సాయంత్రానికి మళ్ళీ పడేది, రోజుకు రెండు గంటలు కూర్చుని దువ్వి గట్టెక్కించినా, ఆ కష్టం పడినోళ్ళకే తెలుస్తుంది. మొన్న బెంగళూరు డాగ్ షోలో మొదటి సీసీ (ఛాలెంజ్ సర్టిఫికెట్, ఛాంపియన్ కావాలంటే ఇవి రావాల) వచ్చింది. వచ్చే నెల మూడో వారం హైదరాబాద్‌లో షో ఉంది, ఎంట్రీ కూడా కట్టేసినాం.

దసరా సెలవుల్లో మా అత్తమ్మ మొక్కు తీర్చుకోవాల. మామ ఆపరేషన్ బాగా జరిగితే రామేశ్వరం వస్తానని మొక్కుకునింది, మామ ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు. మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, మొత్తం 8 రోజులు, టెంపో ట్రావెలర్ మాట్లాడినారు, 11 మందిమి. నేను రానని చెప్పినా. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. అనింటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఏమీ అనకుండా యాత్రకని నాకు కొన్న చీర మడిచి బీరువాలో పెట్టేసింది. ఆ రాత్రి మా పాప (తొమ్మిదేళ్ళు) పక్కలో పడుకుని "అహోబిలానికి రాలేదు, తిరుపతికి రాలేదు, దీనికి కూడా రావా అమ్మా" అనింది. నిజమే, రెండిటికీ వాళ్ళే పోయినారు, నేను పట్టును పెట్టుకుని ఇంట్లోనే ఉన్నా.

పట్టును వెంట తీసుకుపోవాల్నా, కుక్కల హాస్టల్లో వదలాల్నా, లేక కోటు కత్తిరించేసి షో వదులుకోవాల్నా, ఏదీ తేలడం లేదు. పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఉంది, పట్టు అంటే ప్రాణం, కానీ దువ్వడం రాదు. ఇంకా 24 రోజులు టైముంది. మీరెవరైనా ఇట్లా ఇల్లూ కోటూ రెండూ నిలబెట్టుకోనుంటే ఎట్ల చేసినారో చెప్పండి.

నంద్యాల_పామ్ (నంద్యాల)
శనివారం, రాత్రి 11:15

కత్తిరించెయ్ అక్కా. కోపం తెచ్చుకోవద్దు, నీ మంచికే చెప్తున్నా. షిట్జు జుట్టు నెలకు అర అంగుళం లెక్కన మళ్ళీ పెరుగుతుంది, పిల్లకు తొమ్మిదేళ్ళ వయసు మళ్ళీ రాదు. మాకు పామ్స్ (పొమేరేనియన్ కుక్కలు) ఉన్నాయి, వాటికైతే ఈ మాట అస్సలు చెప్పను, పామ్‌కు మిషన్ పెట్టి గొరిగితే కొన్నిసార్లు కోటు సరిగా రాదు, అక్కడక్కడా బట్టతల లెక్క ఉండిపోతుంది, మా మొదటి పామ్‌కు అట్లే అయింది, వీపు మీద ఏడాదిన్నర నూగు కూడా రాలేదు. షిట్జుకు ఆ బాధ లేదు. పప్పీ కట్ చేయించు, హాయిగా పో.

పట్టు_అమ్మ (కర్నూలు)
శనివారం, రాత్రి 11:31

కోపమేమీ లేదు. కానీ అర అంగుళం లెక్కన నేల తాకాలంటే మళ్ళీ ఏడాదిన్నర పైనే పడుతుంది కదా. వేరే దారి ఏదీ లేకపోతే అదే చేస్తా, పాప కంటే ఎక్కువేం కాదు. ముందు వేరే దారి ఉందేమో చూడాలని ఉంది.

అనంత_ఆఫ్ఘన్ (అనంతపురం)
ఆదివారం, ఉదయం 6:50

అక్కా మాది ఆఫ్ఘన్ హౌండ్, మగోడు, నాలుగేళ్ళు. వెంట తీసుకుపోవడం గురించి నేను చెప్తా ఎందుకంటే నేను మూడుసార్లు తీసుకుపోయినా, రెండుసార్లు ఏడ్చినా.

బెంగళూరు షోలకు కారులోనే పోతాం, 44 నంబరు హైవే ఎక్కితే నాలుగు గంటలు. తెల్లవారుజామున 4కు బయల్దేరతాం, ఎండ ఎక్కేలోపు దిగిపోవాల. అది ఒక పని మీద పోవడం, అందరూ కుక్క కోసమే బయల్దేరినోళ్ళు, కాబట్టి ఇబ్బంది లేదు. ఫ్యామిలీ ట్రిప్ అట్ల కాదు. ఒకసారి మా అమ్మావాళ్ళతో లేపాక్షి, ఆడి నుంచి నందికొండలు పోయినాం. గుడి లోపలికి కుక్కను రానియ్యరు, కారులో వదల్లేం, బయట 33 డిగ్రీలే ఉన్నా అద్దాలు మూసిన కారు పది నిమిషాల్లో ఇంకో పది డిగ్రీలు ఎక్కుతుంది. అందరూ వేలాడే స్తంభం చూసొచ్చినారు, నేను చింతచెట్టు కింద వాణ్ణి పట్టుకుని నిలబడినా. ఆ చెట్టు కింద గడ్డిలో పది నిమిషాలు తిరిగినాడు అంతే. ఇంటికొచ్చి చూస్తే కాళ్ళ జుట్టు నిండా పల్లేరు కాయలు, గడ్డి ముళ్ళు. ఒక ముల్లు వేళ్ళ సందులో దిగి నాలుగో రోజు కాలు వాచింది, కోసి తీయాల్సొచ్చింది.

మీది రామేశ్వరం, అంటే సముద్రం, ఉప్పు గాలి, ఇసుక. గుడిలో 22 తీర్థాల స్నానాలు, అందరూ తడిబట్టల్తో గంటల తరబడి క్యూ. 11 మందిలో ఒకరు మొత్తం టైము బయటే ఉండాల. ఆ ఒకరు నువ్వే అవుతావక్కా. తీసుకుపోవద్దు.

గుంతకల్లు_పార్సిల్ (గుంతకల్లు)
ఆదివారం, ఉదయం 9:20

ఎవరో ఒకరు రైలు గురించి అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా, ఈ పనిలో ఉన్నా కాబట్టి తెలుసు. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ వాళ్ళదే అయితే కుక్కను మీతోనే పెట్టుకోవచ్చు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్ వీటిల్లో కుదరదు. టికెట్ బుక్ చేసుకునేటప్పుడు కూపే గ్యారంటీ ఉండదు, చార్ట్ వేసేటప్పుడు ఇస్తారు, అందుకే ముందుగా అర్జీ పెట్టుకోవాల. వ్యాక్సిన్ కార్డు, డాక్టర్ సర్టిఫికెట్ పట్టుకుని పార్సిల్ ఆఫీసులో కుక్కకు వేరేగా బుకింగ్ చెయ్యాల. ఇది కాకుండా గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్ ఉంటుంది. అది ఇనప పెట్టె. ముక్కు చప్పిడి కుక్కను, అందులోనూ నిండు కోటున్న దాన్ని ఆ పెట్టెలో పెట్టమని నేను ఎవరికీ చెప్పను, పార్సిల్ కౌంటర్ దగ్గర కూర్చున్నప్పుడు కూడా చెప్పను.

పులివెందుల_మాల్టీస్ (పులివెందుల)
ఆదివారం, మధ్యాహ్నం 1:05

హాస్టల్ విషయం నేను చెప్తా. మా మాల్టీస్‌ను పెళ్ళికి పోతా ఒక బోర్డింగ్‌లో ఐదు రోజులు వదిలినా. పేరు చెప్పను, వాళ్ళు చెడ్డోళ్ళు కారు, తిండి పెట్టినారు, నీళ్ళు పెట్టినారు, రోజూ ఫోటో పంపినారు. ఫోటోలో పైకి తెల్లగా మల్లెపువ్వు లెక్క కనపడుతోంది. ఇంటికి తెచ్చి చెవి ఎత్తి చూస్తే కింద గట్టిగా పెంకు కట్టినట్టు ఉండ. చంకల్లో, తొడల మధ్య, తోక మొదట్లో అంతా అంతే. పైపైన దువ్వినారు, చర్మం దాకా దువ్వెన పోలేదు. దానికి తోడు తడిసిందని స్నానం చేయించినారంట, మంచి మనసుతోనే. చిక్కు విప్పకుండా నీళ్ళు పోస్తే ఆ ఉండ బిగుసుకుని ఫెల్టు గుడ్డ అయిపోతుంది. మొత్తం గొరిగించాల్సొచ్చింది. గొరిగేటప్పుడు కింద చర్మం ఎర్రగా కమిలిపోయుంది, అది చూసి మా ఆయన బయటికెళ్ళిపోయినాడు.

హాస్టల్లో వదిలేటట్లయితే ఒకటే అడగండి, "పొట్ట కింద, చెవి వెనక రోజూ ఎవరు దువ్వుతారు, చేసి చూపించండి" అని. చూపించలేకపోతే వదలొద్దు.

వెట్_ఫైనల్_ఇయర్ (ప్రొద్దుటూరు)
ఆదివారం, సాయంత్రం 7:48

నేను ఇంకా డాక్టర్ కాలేదు, ఇక్కడ వెటర్నరీ కాలేజీలో చదువుతున్నా, కాబట్టి మందులు మీ డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి.

మేడం, మీరు ఉన్నా లేకున్నా మూడు విషయాలు. గోమార్ల మందు ముందే వేయించండి. మన వైపు క్లినిక్‌కి వచ్చే జ్వరాల్లో టిక్ ఫీవర్ చాలా చూస్తాం, తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం కూడా రావచ్చు. షో కోటులో గోమారి దాక్కుంటే వేలికి తగిలేదాకా కనపడదు. మెడ మీద పోసే మందు వారం వారం షాంపూ చేసే కుక్కకు నిలబడదు, నమిలే మాత్రే నయం, బ్రావెక్టో అయితే 12 వారాలు, నెక్స్‌గార్డ్ అయితే నెల. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం డాక్టర్‌కి తప్పక చెప్పండి.

హాస్టల్ అనుకుంటే కెన్నెల్ కాఫ్ (కుక్కల మధ్య అంటుకునే దగ్గు) టీకా కనీసం రెండు మూడు వారాల ముందే కావాలి, వదిలే రోజు పొద్దున వేయిస్తే లాభం లేదు.

చూసుకునే వాళ్ళకి ఎండదెబ్బ గురించి నేర్పండి. షిట్జు ముక్కు పొట్టి, రొప్పినా వేడి సరిగా బయటికి పోదు. కుక్క మామూలు టెంపరేచర్ 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 104 దాటితే ప్రమాదం. నాలుక ముదురు ఎరుపైనా, చొంగ తీగలు సాగినా, తూలినా వెంటనే మామూలు చల్లటి నీళ్ళు పొట్ట మీద, పాదాల మీద పోసి ఫ్యాన్ కింద పెట్టి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ఐస్ నీళ్ళు వద్దు. తడి తువ్వాలు కప్పి వదిలెయ్యొద్దు, కోటు మీద అది వేడిని లోపలే పట్టేస్తుంది. కోటు తడిస్తే పాడవుతుందని ఆ నిమిషంలో ఎవరూ వెనకాడకూడదు, ఆ అమ్మాయికి ఈ మాట మీ నోటితో చెప్పండి.

పట్టు_అమ్మ (కర్నూలు)
ఆదివారం, రాత్రి 9:30

వెట్ తమ్ముడూ, ఆఖరి మాట నాకు తట్టనే లేదు. నిజంగా ఆ పిల్ల కోటు పాడవుతుందని భయపడి నీళ్ళు పొయ్యదు, నేను అంత జాగ్రత్త చెప్పుంటా కదా. థాంక్స్.

కడప_లాసా (కడప)
సోమవారం, ఉదయం 5:35

అమ్మా, నిన్న ఊర్లో లేను, ఇప్పుడే అంతా చదివినా. నాకు లాసా ఆప్సో కుక్కలతో 22 ఏళ్ళ సావాసం. కొంచెం ఎక్కువే రాస్తా, ఓపికగా చదువు.

మా తమ్ముడి కూతురి పెళ్ళి జమ్మలమడుగులో జరిగింది. మూడ్రోజుల్లో చెన్నైలో షో ఉండాది. నేను తలంబ్రాల టయానికి పోయి అక్షింతలేసి, భోజనం కూడా చెయ్యకుండా వెనక్కొచ్చేసినా, కుక్కకు స్నానం చేయించాలని. ఆ అమ్మాయి నా చేతుల్లో పెరిగింది. పెళ్ళి ఆల్బమ్‌లో నేను ఒక్క ఫోటోలో ఉండా, అది కూడా మండపం బయట చెప్పులు వేసుకుంటా. ఆ పొద్దు మా ఇంట్లో దువ్వెన పట్టడం నాకు తప్ప ఎవరికీ రాదు, ఎవరికీ నేర్పలేదు గనక. అడిగితే "మీకు రాదులే" అనేవాణ్ణి. నీకు నేను చెప్పేది యాత్రకు పో అని. పోయేలోపల ఆ పక్కింటి బిడ్డకు పని నేర్పు. 24 రోజులు చాలు, నేను మా కోడలికి 15 రోజుల్లో నేర్పినా.

ఇప్పుడు ఎట్ల నేర్పాలో చెప్తా. మొదటి వారం ఆ బిడ్డ చేతికి బ్రష్ ఇవ్వొద్దు. స్టీల్ దువ్వెన ఒక్కటే. పట్టును పక్కకు పడుకోబెట్టి, జుట్టు పైకెత్తి, పొట్ట దగ్గర్నుంచి వేలెడు వెడల్పు పాయ తీసి, చర్మం కనపడాల, ఆ చర్మం నుంచి కొస దాకా దువ్వెన ఆగకుండా జారాల. ఆగితే ఆడ చిక్కు ఉన్నట్టు. లాగకూడదు. వేళ్ళతో మొదలు దగ్గర గట్టిగా పట్టుకుని, కొస నుంచి కొంచెం కొంచెంగా పైకి రావాల. పట్టుకోకుండా లాగితే కుక్కకు నొప్పి, రెండోసారి దువ్వెన చూస్తేనే మంచం కిందికి దూరుతుంది. ఎండు జుట్టును ఎప్పుడూ దువ్వొద్దు. స్ప్రే బాటిల్‌లో నీళ్ళు, మూత నిండా కండిషనర్, పొగమంచు లెక్క చల్లి దువ్వాల. మన గాలి పొడిగాలి, జుట్టు పుటుక్కున తెగుతుంది. గట్టి ఉండ పడితే దాని మీద మొక్కజొన్న పిండి చల్లి వేళ్ళతో నిదానంగా విడదీయాల, కత్తెర ముట్టొద్దని చెప్పు.

రెండో వారం నువ్వు పక్కన కూర్చో, చెయ్యి పెట్టొద్దు. మూడో వారం నువ్వు ఇంట్లో ఉండొద్దు. ఒక పూట కర్నూల్లోనే మీ అమ్మ వాళ్ళింటికి పో, ఒక రాత్రి ఉండి రా. పట్టు ఆ రాత్రి తింటుందా, నిద్రపోతుందా తెలుస్తుంది. అది తెలీకుండా 8 రోజులు వదలొద్దు.

ర్యాప్స్ సంగతి, అంటే జుట్టును పాయలు పాయలుగా కాగితంలో మడిచి రబ్బరు వేసి కట్టడం. ఈ 8 రోజులు నేల తాకే కోటు విప్పి ఉంచితే ఎవరి వల్లా కాదు. మామూలుగా అయితే ర్యాప్స్ కట్టాల, కానీ ఆ బిడ్డను కట్టమనొద్దు. విప్పి కట్టడం తెలీనోళ్ళు కడితే రబ్బరు చర్మానికి దగ్గరగా బిగుస్తుంది, కుక్క గోక్కుని కొరుక్కుని మూరెడు జుట్టు తెంపేస్తుంది. ర్యాప్ ఒకసారి కడితే రెండు మూడు రోజులకోసారి విప్పి దువ్వి కట్టాల. అది కుదరదు గనక లూజుగా జడలు వెయ్యి, మీ పాపకు వేసినట్టే. పక్కలకు మూడేసి, చెవులకు ఒక్కోటి, మీసాలకు రెండు. ఏ ఆడపిల్లకైనా జడ వెయ్యడం వచ్చు, విప్పడమూ వచ్చు.

అనంత_ఆఫ్ఘన్ (అనంతపురం)
సోమవారం, ఉదయం 8:10

అంకుల్ జడల విషయంలో నాకు కొంచెం తేడా ఉంది. జడ వేస్తే జుట్టుకు వంకీలు పడతాయి, షోకు ముందు అది పోవాలంటే స్నానం చేయించి డ్రయ్యర్‌తో సాగదీసి ఆరబెట్టాల. షోకు రెండు వారాల ముందు జడ అంటే నాకైతే భయం. నేనైతే నూనె కోటులో పెడతా, కండిషనర్‌లో మింక్ ఆయిల్ కలిపి పట్టించి వదిలేస్తే జుట్టు ఒకదానికొకటి పట్టుకోదు.

కడప_లాసా (కడప)
సోమవారం, ఉదయం 8:52

అబ్బీ, నూనె నీ ఆఫ్ఘన్‌కు సరే, నువ్వు దాని పక్కనే ఉంటావు. నూనె కోటుకు దుమ్ము పడితే బంక అవుతుంది, కర్నూల్లో దుమ్ముకేమి కొదవ. నేర్చుకుంటా ఉండే చేతికి నూనె కోటు ఇవ్వొద్దు. వంకీలు ఒక్క స్నానంతో పోతాయి, యాత్రకూ షోకూ మధ్యలో రెండు స్నానాలకు టైముంది.

అనంత_ఆఫ్ఘన్ (అనంతపురం)
సోమవారం, ఉదయం 9:04

రెండు స్నానాలుంటే సరే అంకుల్. ఒప్పుకుంటా.

నంద్యాల_పామ్ (నంద్యాల)
సోమవారం, మధ్యాహ్నం 12:40

స్నానం మాటొచ్చింది కాబట్టి, అక్కా మీది బోరు నీళ్ళా? మాది బోరే, బకెట్‌కు తెల్లగా ఉప్పు కడుతుంది. ఎంత మంచి షాంపూ పోసినా కోటు పీచు లెక్క అయ్యేది. ఇప్పుడు మొత్తం బోరు నీళ్ళతోనే చేసి, ఆఖర్న మాత్రం 20 లీటర్ల ఆర్వో క్యాన్ ఒకటి పెట్టుకుని దాంతో కడుగుతున్నా. ఆ ఒక్క మార్పుతో చిక్కు సగం తగ్గింది. ఊరికి పోయే ముందు స్నానానికి ఇది తప్పక చెయ్యి.

కత్తిరించమన్నదాన్నే, ఇప్పుడు కోటు కాపాడే చిట్కా చెప్తున్నా. నీకు మనసుంది, నేర్చుకునే పిల్లుంది, ఇంకేం, పెంచుకో.

పులివెందుల_మాల్టీస్ (పులివెందుల)
సోమవారం, సాయంత్రం 4:15

ఇంకోటి. పండగ రోజులు కాబట్టి పక్కింటోళ్ళ ఇంట్లో ఏమేం పెట్టకూడదో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించు. ఉగ్గాని పెట్టొద్దు, అందులో ఉల్లిపాయ ఉంటుంది, ఉల్లిపాయ కుక్కల రక్తానికి విషం. చక్కెర పొంగలిలో కిస్మిస్ ఉంటుంది, కిస్మిస్, ద్రాక్ష కిడ్నీలు పాడుచేస్తాయి. చాక్లెట్ సరే అందరికీ తెలుసు. ప్రేమతో పెట్టేవాళ్ళే పెడతారు ఇవన్నీ, తెలీక.

పట్టు_అమ్మ (కర్నూలు)
సోమవారం, రాత్రి 10:20

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నా. ఈ రోజు సాయంత్రం పక్కింటి అమ్మాయిని పిలిచి అడిగినా. "నేను చెయ్యగలనా అక్కా" అని చేతులు లంగాకు తుడుచుకుని వచ్చి కూర్చునింది. రోజుకు 300 ఇస్తానంటే వద్దనింది, వాళ్ళమ్మతో మాట్లాడి ఒప్పించినా, పని పనే కదా. కడప అంకుల్ చెప్పినట్టు స్టీల్ దువ్వెన ఒక్కటే చేతికిచ్చినా. మొదటి పాయకే లాగింది, పట్టు కుయ్యిమని చెయ్యి నాకింది, ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు. మొదలు దగ్గర వేళ్ళతో పట్టుకోవడం నేర్పినా. పదిహేను నిమిషాల్లో ఒక చెయ్యంత జాగా అయింది.

అత్తమ్మ గడప దగ్గర నిలబడి చూస్తా ఉండె. లోపలికి పోయి చీర బయటికి తీసి బ్లౌజ్ కొలతలకు నా పాత జాకెట్ అడిగింది.

పట్టు_అమ్మ (కర్నూలు)
మూడో వారం, ఆదివారం, రాత్రి 9:55

ఒక రాత్రి అమ్మ వాళ్ళింట్లో ఉండొచ్చినా. పట్టు రాత్రి అన్నం ముట్టలేదంట, తలుపు దగ్గరే పడుకునిందంట. పొద్దున నా పాత నైటీ దాని పక్కన వేస్తే దాని మీద కూర్చుని తినింది. ఆ నైటీ ఉతకకుండా ఇచ్చి పోతా. కోటు చూసినా, చెవి వెనకాల దువ్వెన ఆగలేదు. కుడి చంకలో మాత్రం చిన్నది పడింది, ఆ అమ్మాయికి చూపించి తనతోనే విప్పించినా. హార్నెస్ వేసి తిప్పిందంట, పట్టీ రాపిడికి అక్కడ పడుతుంది. ఇంక మేడ మీదే తిప్పమన్నా, పొద్దున 6కు, సాయంత్రం పొద్దుగూకినాక.

మాత్ర వేయించినా, డాక్టర్ నంబరు, ఆటో అన్న నంబరు రాసిచ్చినా. రేపు స్నానం, ఆర్వో క్యాన్ తెచ్చినాం. ఎల్లుండి ప్రయాణం.

కడప_లాసా (కడప)
అదే రాత్రి, 10:12

పూర్తిగా ఆరినాకే జడలు వెయ్యమ్మా. మొదట్లో తడి మిగిలితే లోపల పుండు పడుతుంది, మూడ్రోజులకు వాసనొస్తుంది. డ్రయ్యర్ ఆపి చేత్తో తడిమి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

పట్టు_అమ్మ (రామేశ్వరం నుంచి)
యాత్ర నాలుగో రోజు, మధ్యాహ్నం 2:30

రెండు ముక్కలు రాస్తా, ఫోన్ తడి చేత్తో పట్టుకున్నా. 22 తీర్థాలూ అయినాయి. మామకు బావి నీళ్ళు బకెట్‌తో పోస్తుంటే అత్తమ్మ నా చెయ్యి పట్టుకునే ఉండె. పాప పాంబన్ వంతెన మీద లెక్కపెట్టలేనన్ని పడవలు చూసింది. పొద్దున వీడియో కాల్‌లో ఆ అమ్మాయి పట్టు చెవి ఎత్తి చర్మం దాకా దువ్వెన జార్చి చూపించింది, నేను అడక్కముందే.

పులివెందుల_మాల్టీస్ (పులివెందుల)
అదే రోజు, మధ్యాహ్నం 2:44

అడక్కముందే చూపించిందంటే ఇంక నువ్వు ఫోన్ లోపల పెట్టి సముద్రం చూడు.

పట్టు_అమ్మ (కర్నూలు)
వచ్చిన మర్నాడు, ఉదయం 11:00

నిన్న రాత్రి ఒంటిగంటకు దిగినాం. పట్టు మమ్మల్ని చూసి అరవలేదు, మూలిగింది, చాలాసేపు. పొద్దున జడలు విప్పి కూర్చున్నా. ఉన్నదున్నట్టు చెప్తా.

ఎడం చెవి వెనక చింతగింజంత ఉండ ఒకటి, ఆరో రోజు పడిందంట, మొక్కజొన్న పిండితో సగం విప్పి మిగతాది నాకోసం వదిలేసింది, కత్తెర ముట్టలేదు. గడ్డం కింద జుట్టు కొంచెం తెగింది, అక్కడ జడ నేనే గట్టిగా వేసినా, తప్పు నాదే. తోక మొదట్లో ఒక గోమారి దొరికింది, చచ్చిపోయింది, మాత్ర పని చేసినట్టే. నాలుగో రోజు ఒక పూట తిండి తినలేదు, ఆ అమ్మాయి టెంపరేచర్ చూసి 101.8 అని నోటుబుక్కులో రాసి పెట్టింది, అది నేను చూడమని చెప్పింది కాదు, తనే థర్మామీటర్ కొనుక్కొచ్చిందంట. ఆ పుస్తకంలో 8 రోజులూ టైములతో సహా ఉంది, నీళ్ళు ఎన్నిసార్లు తాగింది కూడా. చదువుతా ఉంటే గొంతు పూడుకుపోయింది.

మిగతా కోటు అంతా ఉంది. నేల తాకుతానే ఉంది. వంకీలున్నాయి, ఆదివారం ఒక స్నానం, షోకు ముందు ఇంకోటి.

హైదరాబాద్‌కు ఆ అమ్మాయిని కూడా తీసుకుపోదామని మా ఆయన అన్నాడు. వాళ్ళమ్మ సరే అనింది. పాప, తనూ వెనక సీట్లో, పట్టు క్రేట్ వాళ్ళ మధ్యలో.

పక్కింటి_అమ్మాయి (కర్నూలు)
అదే రోజు, సాయంత్రం 6:18

అందరికీ నమస్కారం, నేనే ఆ పక్కింటి అమ్మాయిని. అక్క ఇక్కడ చేరమని చెప్పింది. మీరు రాసినవన్నీ అక్క నాకు చదివి వినిపించింది, యాత్ర రోజుల్లో నేనూ రోజూ చదువుకున్నా. నాకు ఒక డౌట్ ఉంది. పట్టు నెత్తి మీద పిలకకు వేసే సన్న రబ్బరు తీసేటప్పుడు ప్రతిసారీ రెండు మూడు వెంట్రుకలు దాంతో పాటే వచ్చేస్తున్నాయి. నేను మెల్లగానే లాగుతున్నా. ఎట్ల తియ్యాలి?

కడప_లాసా (కడప)
అదే రోజు, సాయంత్రం 6:31

లాగొద్దు తల్లీ. ప్రతిసారీ కత్తిరించి పారెయ్యాల, ఆ రబ్బరు మళ్ళీ వాడొద్దు. మొన తిరిగిన చిన్న కత్తెర తీసుకో, రబ్బరును వేలితో జుట్టుకు దూరంగా కొంచెం పైకి లేపి, లేచిన చోట మాత్రమే తుంచు. మళ్ళీ కట్టేటప్పుడు రెండు చుట్లు చాలు, కట్టినాక కళ్ళు చూడు, కనుబొమలు పైకి లాగినట్టుంటే బిగువు ఎక్కువైనట్టు. రేపు పొద్దున చేసి ఎట్లుందో చెప్పు.